ఎగవేసిన రొయ్యల డబ్బు ఇప్పించడం పోలీసుల పనేనా?

విడవలూరు రైతు:
మా పక్క చెరువు రైతు ఈ పంటకు రొయ్యలు పట్టించాడు. కాటా దగ్గర కొంత చేతిలో పెట్టి, మిగతాది పది రోజుల్లో ఇస్తానన్న వ్యాపారి ఫోను ఎత్తడం మానేశాడు. స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్, కోర్టుకు వెళ్లు" అన్నారు. సీడుకు, మేతకు తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆగుతుందా? ఎస్సై ఒక్కసారి పిలిచి అడిగితే తేలే దానికి ఏళ్ల తరబడి తిరగమంటారా? ఇక పోలీసులు ఉన్నది ఎవరి కోసం?

ఒంగోలు వకీలు:
మీ కోపం న్యాయమే. అయినా స్టేషన్ పంచాయితీని నేను ఒప్పుకోను. ఎవరు ఎవరికి ఎంత బాకీయో తేల్చే అధికారం చట్టం పోలీసులకు ఇవ్వలేదు. ఈరోజు మీ మాట మీద వ్యాపారిని కూర్చోబెట్టిన ఎస్సై, రేపు మేత కొట్టు యజమాని మాట మీద మిమ్మల్ని కూర్చోబెడతాడు. ఆ తీర్పుకు కాగితం ఉండదు, అప్పీలూ ఉండదు.

అలాగని "సివిల్" అని పంపేయడమూ తప్పే. ఎగ్గొట్టాలనే ఉద్దేశంతోనే సరుకు తీసుకుని ఉంటే అది నేరాలకు శిక్షలు చెప్పే చట్టం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. కేసు కట్టదగిన నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాపార వ్యవహారాల్లో ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చు, కానీ ఫిర్యాదే తీసుకోకుండా ఉండకూడదు. తీసుకోకపోతే ఎస్పీకి తపాలాలో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ దారి చూపుతుంది.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్:
పిలిచి మాట్లాడితే పంచాయితీ చేశారంటారు, పిలవకపోతే పట్టించుకోలేదంటారు. బందోబస్తులకే సిబ్బంది చాలని స్టేషన్లవి. వకీలు గారు చెప్పినట్టు ఫిర్యాదు రాసి ఇస్తే మాకూ మేలే. నోటిమాటతో వచ్చినప్పుడే చిక్కులన్నీ.

విడవలూరు రైతు:
చెక్కు లేదు, కాటా చీటీ ఒక్కటే ఉంది. అదే వ్యాపారి అల్లూరు వైపు మరో ఇద్దరికి కూడా ఇలాగే చేశాడట.

ఒంగోలు వకీలు:
అసలు విషయం ఇప్పుడు చెప్పారు. వరసగా ముగ్గురిని ముంచాడంటే మోసపు ఉద్దేశానికి అది బలమైన ఆనవాలు. ముగ్గురూ వేర్వేరుగా ఫిర్యాదు రాయండి, ఒక్కొక్కరి దాంట్లో మిగతా ఇద్దరి సంగతీ చెప్పండి. కాటా చీటీల నకళ్లే ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. ఫిర్యాదు ముట్టినట్టు రసీదు తీసుకోకుండా స్టేషన్ నుంచి కదలవద్దు.