సెంటర్ కంప్యూటర్‌తో ఎవరో తప్పు చేస్తే కేసు ఎవరి మీద?

కావలి దగ్గర మా ఊళ్లో కొందరం కలిసి పిల్లలకు ఉచితంగా ఆన్‌లైన్ క్లాసుల సెంటర్ నడుపుతున్నాం. నెట్ కనెక్షన్ నా పేరు మీదే ఉంది. ఇక్కడి నుంచి ఎవరో ఒకమ్మాయి ఇన్‌స్టా అకౌంట్‌లోకి దూరారట, స్టేషన్ నుంచి నాకు ఫోన్. ఇంట్లో ఒకటే టెన్షన్.

ఇలాంటి హ్యాకింగ్‌కు ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సరే, అది చేసినవాడికి. వేరేవాళ్లు చేసిన తప్పుకు నెట్ సదుపాయం ఇచ్చినవాళ్లను కొన్ని షరతులతో కాపాడే సెక్షన్ 79 రక్షణ మాకు వస్తుందా? 2011 సైబర్ కేఫ్ రూల్స్ ప్రకారం గుర్తింపు కార్డు చూడాలి, లాగ్ రిజిస్టర్ కనీసం ఏడాది ఉంచాలి. కానీ కేఫ్ అంటే వ్యాపారంగా నెట్ ఇచ్చే చోటు అనే కదా చట్టంలో ఉంది! మేం పైసా తీసుకోం. అయినా వర్తిస్తుందా? మా దగ్గర ఉన్నది హాజరు పుస్తకమే, ఎవరు ఏ సిస్టమ్ వాడారో అందులో ఉండదు. లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, సోమవారం స్టేషన్‌కు రమ్మన్నారు.