హబ్సీ లెక్క ‘నిలవడ్డడా’, ‘నల్లవడ్డడా’?

తాతయ్య గురించి మా నాయనమ్మ చెప్పిన ఒక మాట నెల రోజులుగా బుర్రలో తిరుగుతోంది. ‘పొద్దంత కల్లం కాడ హబ్సీ లెక్క ...వడ్డడు.’ హబ్సీ అంటే ఆఫ్రికా మూలాలున్నవాడు. మధ్యలో అక్షరాలు జారిపోయాయి. నిలవడ్డడా, నల్లవడ్డడా? మొదటిదైతే మెచ్చుకోలు, రెండోదైతే ఎగతాళి. గ్రూపులో అడిగితే వచ్చిన జవాబులివి; పేర్ల బదులు ఎవరి ఊరో, పేటో రాశాను.

తార్నాక: నిలవడ్డడే. హబ్సీ అంటే కాపలాకి మారుపేరు. నిజాంగారి ఆఫ్రికన్ అశ్వికదళం (ఆఫ్రికన్ కావల్రీ) పేరే కదా హైదరాబాద్‌లో మన ఏసీ గార్డ్స్ పేటకి. ‘లెక్క’ తర్వాత నిలబడిన తీరు రావాలి, రంగు కాదు.

మలక్‌పేట: అట్ల రూలేం లేదు సార్. ‘బొగ్గు లెక్క నల్లవడ్డవ్’ అనమా? పైగా అది హబ్షీ. అరబ్బీలో హబష్ అంటే అబిసీనియా, ఇప్పటి ఇథియోపియా. ‘సి’ ఎక్కడిది?

తార్నాక: షోకు సోకైంది, షికారు సికారైంది. హబ్సిగూడ బోర్డు చూడండి.

వనపర్తి: మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపించాడు. 1626లో పోయేదాకా మొగలులకు కొరుకుడుపడలేదు. దక్కన్‌లో ఆ రోజుల్లో హబ్షీ అంటే సేనాని. రంగు తిట్టుగా మారింది ఇంగ్లీషువాళ్ల కాలంలోనే అని నా నమ్మకం.

మలక్‌పేట: అంత తేలిక కాదన్నా. జహంగీర్ తన జ్ఞాపకాల్లో అంబర్‌ని నల్లమొహంవాడనే తిట్టాడు. తెగిన అంబర్ తలకి తాను బాణం గురిపెట్టినట్టు బొమ్మ కూడా వేయించుకున్నాడు. ఆ తల ఎన్నడూ ఆయనకి చిక్కలేదు. గౌరవం, చులకన రెండూ ఆ ఒక్క మాటలోనే ఉండేవి. పోనుపోను గౌరవం అరిగిపోయింది.

సికింద్రాబాద్: 1963 ప్రసంగంలో మార్టిన్ లూథర్ కింగ్ ‘నీగ్రో’ అనే అన్నాడు. ఇప్పుడు మన పత్రికలు ‘నల్లజాతీయులు’ అని రాస్తున్నాయి. దక్షిణాఫ్రికా అపార్థైడ్‌కి మాత్రం ‘వర్ణవివక్ష’ స్థిరపడింది. మరి 1910లో ‘ముత్యాల సరములు’లో గురజాడ వర్ణభేదాలు కల్లవుతాయన్నది కులం గురించేనా, రంగు గురించి కూడానా? పైన ‘ఎల్ల లోకము వొక్క ఇల్లై’ అన్నాడు కాబట్టి రెండూ అంటాను.

తార్నాక: వర్ణమంటే అక్కడ కులమేనండీ. గురజాడకి మనం కొత్త అర్థం తొడగకూడదు. ‘ఇల్లై’కి ‘కల్లై’ ఎంత బాగా కుదిరిందో! నలభై ఏళ్లుగా చదువుతున్నా రుచి తగ్గలేదు.

హబ్సిగూడ: పోయిన నెల మా వీధిలో టు-లెట్ బోర్డు చూసి ఇథియోపియా కుర్రాడొకడు గేటు దగ్గర ఆగాడు. చేతిలో యూనివర్సిటీ ఫైలు. ఓనర్ బయటికొచ్చి, మాట్లాడకుండా బోర్డు వెనక్కి తిప్పేసి లోపలికి పోయాడు. ఆ అబ్బాయి దేశం పేరే మా పేటకి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకుని దిగేసరికి సందు మలుపు దాటిపోయాడు.

సికింద్రాబాద్: అయ్యో అక్కా. మా అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే గొడవ. ‘వాళ్లకి’ ఇవ్వొద్దని మీటింగ్‌లోనే అన్నారు. నేను గట్టిగా అడ్డుపడ్డాను.

అడిగిన నేనే: మేనత్తకి ఫోన్ చేశాను. ‘మీ తాత పచ్చగ ఉండెటోడు, నల్లవడ్డడనే అన్నది’ అంది. బాబాయి మాత్రం నిలవడ్డడే అని పట్టు వీడడం లేదు.

మలక్‌పేట: అత్తమ్మతో ఒకసారి ఆ మాట అనిపించి రికార్డు చెయ్యండి. సీ-యా, షీ-యా అది కూడా విందాం.