రెండు క్లబ్బులు యూరప్‌లోకి వెళ్లాయి సరే, ఐర్లాండ్ ఫుట్‌బాల్‌కి ఒరిగిందేంటి?

డ్రమ్‌కాండ్ర_మూర్తి (2 సెప్టెంబర్ 2025, రాత్రి 9.40)

ఆగస్టు చివర్లో జరిగింది ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. షామ్‌రాక్ రోవర్స్ పోర్చుగల్ జట్టు శాంతా క్లారాని, మా షెల్బోర్న్ బెల్‌ఫాస్ట్ జట్టు లిన్‌ఫీల్డ్‌ని దాటి, యూరప్ క్లబ్బుల పోటీల్లో మూడో మెట్టు అయిన కాన్ఫరెన్స్ లీగ్ అసలు దశకు చేరాయి. ఒకే ఏడాది రెండు ఐరిష్ క్లబ్బులు అంత దూరం వెళ్లడం ఇదే మొదటిసారి. ఒక్కో క్లబ్బుకి ఆరు మ్యాచ్‌లు, అడుగుపెట్టినందుకే 31 లక్షల 70 వేల యూరోలు. గెలిస్తే మ్యాచ్‌కి ఇంకో 4 లక్షలు.

సంతోషమే. కానీ నాకు నిద్ర పట్టట్లేదు. 2004లో షెల్బోర్న్ డబ్లిన్ లాన్స్‌డౌన్ రోడ్ స్టేడియంలో స్పెయిన్ జట్టు డిపోర్తివో లా కొరూన్యాని 0-0తో ఆపింది. ఛాంపియన్స్ లీగ్‌కి ఒక్క మెట్టు దూరం. ఆ ఆశతోనే ఖర్చు పెట్టుకుంటూ పోయారు. 2006లో లీగ్ గెలిచారు, ఆ వెంటనే అప్పుల దెబ్బకి కింది డివిజన్‌లోకి తోసేశారు. ఛాంపియన్ జట్టుని! ఈసారి వచ్చే డబ్బుతో ఏం చేస్తారో ఎవరైనా చెప్పగలరా?

ఇంకో బాధ. హోమ్ మ్యాచ్‌లు మా టోల్కా పార్క్‌లో కాదు, టల్లాట్‌లో. యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యూఈఎఫ్‌ఏ ప్రమాణాలకి మా గ్రౌండ్ సరిపోదట. అంటే రోవర్స్ ఇంట్లో అద్దెకి.

టాలా_శ్రీను (రాత్రి 10.05)

మూర్తి గారూ, ముందుగా ఒకటి. టల్లాట్ కాదు, టాలా. లువాస్ ట్రామ్ రెడ్ లైన్ చివరి స్టాప్‌లో అనౌన్స్‌మెంట్ వినండి.

ఇక అసలు విషయం. 2011లో రోవర్స్ బెల్‌గ్రేడ్ వెళ్లి పార్టిజాన్‌ని ఓడించి యూరోపా లీగ్ గ్రూపులోకి అడుగుపెట్టింది, ఐరిష్ క్లబ్బుల్లో మొదటిది. తర్వాత ఆరు మ్యాచ్‌లూ ఓడిపోయాం. నవ్వినవాళ్లు నవ్వారు. అదే జట్టు పోయిన ఏడాది కాన్ఫరెన్స్ లీగ్‌లో 11 పాయింట్లతో 36 జట్లలో 10వ స్థానంలో నిలిచింది. క్రిస్మస్ దాటాక కూడా యూరప్‌లో మిగిలిన మొదటి ఐరిష్ క్లబ్బు. ఒక్క క్లబ్బు వెళ్తే మిగతావాళ్లకీ దారి పడుతుంది. ఫిబ్రవరిలో నార్వేలోని మోల్డే వెళ్లి 1-0తో గెలిచాం. గోల్ కొట్టిన మైకేల్ నూనన్‌కి పదహారేళ్లు! రెండో మ్యాచ్ టాలాలో ఓడి, పెనాల్టీల్లో 5-4తో పోయింది. ఆ రాత్రి నేను స్టాండ్‌లో ఉన్నాను. చివరి పెనాల్టీ అయ్యాక పది నిమిషాల దాకా మా వరుసలో ఎవరూ లేవలేదు.

అద్దె అని బాధపడకండి. ఆ గ్రౌండ్ రోవర్స్‌ది కాదు, సౌత్ డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌ది. మేమూ అద్దెకున్నవాళ్లమే. 1987లో మిల్‌టౌన్‌లో ఉన్న గ్రౌండ్‌ని అప్పటి ఓనర్లు అమ్మేశాక 22 ఏళ్లు ఊరంతా తిరిగాం. 2009లో టాలా చేరాం. అద్దె ఇల్లంటే మాకు చెప్పకండి.

యాన్‌ఫీల్డ్_రాజు (రాత్రి 10.20)

డబ్లిన్‌లో ఉండి తొమ్మిదేళ్లు. ఒక్కసారి ఇక్కడి లీగ్ మ్యాచ్‌కి వెళ్లా, ఏ గ్రౌండో చెప్పను. వర్షం, పైకప్పు లేని స్టాండ్, గేటు దగ్గర ఫోన్ టికెట్ స్కాన్ కాక నలభై నిమిషాలు క్యూ. ఆ రోజే అనుకున్నా, లివర్‌పూల్‌కి విమానంలో నలభై నిమిషాలే కదా అని.

టాలా_శ్రీను (రాత్రి 10.24)

ఆ టికెట్ డబ్బులతో మా దగ్గర సీజన్ అంతా చూడొచ్చు రాజు గారూ. మీలాంటివాళ్లు ఊరి నిండా ఉన్నారు కాబట్టే ఈ లీగ్ ఇలా ఉంది.

యాన్‌ఫీల్డ్_రాజు (రాత్రి 10.26)

అంటే వర్షానికి కారణం నేనా?

డ్రాహడా_వెంకట్ (రాత్రి 11.10)

అందరూ డబ్బు గురించి మాట్లాడుతున్నారు, లెక్క ఎవరూ చూడట్లేదు. 2011 నుంచి ఇప్పటిదాకా ఐరిష్ క్లబ్బులు యూరప్ పోటీల అసలు దశకి ఏడుసార్లు వెళ్లాయి. నాలుగు రోవర్స్, రెండు డండాక్, ఒకటి ఇప్పుడు షెల్బోర్న్. ఒకే ఇంట్లో పడే వానకి ఊరు పండిందని సంబరాలా? రోవర్స్ 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగు లీగ్‌లు గెలిచింది. ఈ ఏడాదీ పైనే ఉంది. లీగ్ గెలిస్తే వచ్చే బహుమతి ఈ యూరప్ డబ్బు ముందు చిల్లర. మూడేళ్లు ఇలా సాగితే మిగతా తొమ్మిది జట్లు రెండో స్థానం కోసమే ఆడాలి.

టాలా_శ్రీను (రాత్రి 11.31)

డండాక్‌కి రెండుసార్లు డబ్బు వచ్చింది కదా, ఏమైంది? 2016లో స్టీఫెన్ కెన్నీ జట్టు బాటే బొరిసోవ్‌ని 3-0తో చిత్తు చేసి, గ్రూపులో మకాబీ టెల్ అవీవ్‌ని ఓడించి, ఐరిష్ క్లబ్బుకి గ్రూప్ దశలో మొదటి గెలుపు తెచ్చింది. ఆ మ్యాచ్ జరిగిందీ టాలాలోనే. 2020లో అర్సెనల్ ఉన్న గ్రూపులో ఆడారు. 2024లో కింది డివిజన్‌కి జారిపోయారు. డబ్బు రావడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. రోవర్స్‌లో సగం వాటా ఇప్పటికీ సభ్యులదే. 2005లో క్లబ్బు మునిగిపోతుంటే అభిమానులే చందాలు వేసి నిలబెట్టారు. అందుకే ఎవరో వచ్చి అమ్మేసుకుపోయే పరిస్థితి లేదు. మీ డ్రాహడా లాగా.

డ్రాహడా_వెంకట్ (రాత్రి 11.33)

మా డ్రాహడా లాగా అంటే?

టాలా_శ్రీను (రాత్రి 11.37)

అందరికీ తెలిసిందే కదండీ. అమెరికా ఇన్వెస్టర్లు ట్రివెలాకి క్లబ్బు ఇచ్చారు. వాళ్లకే డెన్మార్క్‌లో సిల్క్‌బోర్ ఉంది. ఇద్దరూ ఒకే పోటీకి అర్హత పొందారు. ఒకే ఓనర్ ఉన్న రెండు జట్లు ఒక పోటీలో ఆడకూడదన్నది యూఈఎఫ్‌ఏ రూల్. మిమ్మల్ని తీసేశారు. జూన్‌లో క్రీడా వివాదాలు తేల్చే కాస్ కోర్టు కూడా అప్పీల్ కొట్టేసింది. రూల్ రూలే.

డ్రాహడా_వెంకట్ (3 సెప్టెంబర్, రాత్రి 12.20)

రూల్ రూలే. బాగా చెప్పారు.

ఇప్పుడు షెల్బోర్న్‌తో ఆడటానికి డబ్లిన్ వచ్చేది ఎవరో చూశారా? క్రిస్టల్ ప్యాలెస్. వాళ్లు అసలు ఈ పోటీలోకి ఎందుకు వచ్చారు? అదే రూల్ తప్పారు. వాళ్ల అప్పటి ఓనర్లలో ఒకరికి ఫ్రాన్స్ జట్టు లియోన్‌లో కూడా వాటా ఉండేది. ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్ గెలిచి యూరోపా లీగ్‌లో ఆడాల్సినవాళ్లని ఒక మెట్టు కిందికి, కాన్ఫరెన్స్ లీగ్‌లోకి దించారు. మేం ఇక్కడి ఎఫ్‌ఏఐ కప్ గెలిచాం. మాకు ఉన్నదే చివరి మెట్టు. దాని కింద మెట్టు లేదు కాబట్టి మేం రోడ్డు మీద. ఒకే తప్పు. పెద్దింటివాడికి కింది గదిలో మంచం, మాకు వీధి అరుగు.

మార్చి 1 కల్లా వాటాలు సర్దుకోవాలన్నారు. మేం కప్ గెలిచింది నవంబర్ 10న. మధ్యలో మూడున్నర నెలలు.

ఆ నవంబర్ రోజు చెప్తా. 2016లో డ్రాహడా వచ్చినప్పుడు నాకు ఇక్కడ ఎవరూ తెలియదు. శుక్రవారం సాయంత్రం గదిలో కూర్చోలేక మ్యాచ్‌కి వెళ్లడం మొదలుపెట్టా. పక్క సీట్లో ఒక పెద్దాయన. మొదటి ఏడాదంతా "చలిగా ఉంది" అన్న మాట తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. రెండో ఏడాది తన ఫ్లాస్క్‌లో టీ పోసిచ్చాడు. మా అమ్మ పోయినప్పుడు నేను ఇండియా వెళ్లి వస్తే, నా సీటు మీద తన మఫ్లర్ పరిచి, ఎవరినీ కూర్చోనివ్వలేదట. డబ్లిన్ అవీవా స్టేడియంలో, కప్ ఫైనల్లో డెర్రీ సిటీని 2-0తో ఓడించిన రోజు ఆయన ఏడ్చాడు. "వచ్చే వేసవిలో విమానం ఎక్కుదాం, ఏ దేశమైనా సరే" అన్నాడు. ఆయన జీవితంలో మళ్లీ ఆ అవకాశం వస్తుందో లేదో నాకు తెలియదు. రూల్ రూలే.

టాలా_శ్రీను (రాత్రి 12.41)

మీ బాధ అర్థమైంది. కానీ క్లబ్బు అప్పుడు సభ్యులదే కదా. అమ్మాలని ఓటేసింది సభ్యులే. యూఈఎఫ్‌ఏని తిట్టి ఏం లాభం? చేతులెత్తినవాళ్లని అడగండి.

డ్రాహడా_వెంకట్ (రాత్రి 12.44)

నేనే ఎత్తాను.

డ్రాహడా_వెంకట్ (రాత్రి 12.58)

అవును, నేనూ సభ్యుడినే. ఎందుకు ఎత్తానో విను. నీ టాలాలో పదివేల సీట్లు, కౌన్సిల్ కట్టిచ్చింది. మా గ్రౌండ్ నువ్వు చూశావుగా. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చే కుర్రాళ్లతో మీ జట్టు మీద ఎన్నాళ్లు ఆడాలి? నీకు యూరప్ డబ్బు వచ్చేకొద్దీ మాకు ఎవడో ఒక ఓనర్ కావాల్సి వచ్చింది. లేకపోతే కింది డివిజన్. నువ్వు "సభ్యుల క్లబ్బు" అని మురిసిపోతున్నావే, దాన్ని మేం నీతో పోటీ పడటానికే వదులుకున్నాం.

హైదరాబాద్_హరి (ఉదయం 6.15)

మాకు 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ఛాంపియన్లయిన క్లబ్బు ఉండేది, హైదరాబాద్ ఎఫ్‌సీ. ఆ తర్వాత జీతాలు ఇవ్వలేక చతికిలపడింది. ఓటు వేయడానికి మమ్మల్ని ఎవరూ పిలవను కూడా లేదు.

డ్రమ్‌కాండ్ర_మూర్తి (ఉదయం 8.02)

రాత్రి పడుకుంటే ఇంత జరిగిందా.

వెంకట్ గారూ, నేను మొదట అడిగింది కూడా ఇదేనేమో, సరిగ్గా అడగలేకపోయాను. నా భయం డబ్బు పోతుందని కాదు. డబ్బు వచ్చాక మన క్లబ్బు మనకి గుర్తుపట్టరాకుండా అయిపోతుందని.

కానీ శ్రీను గారూ, ఒక్క విషయంలో మిమ్మల్ని ఒప్పుకోను. బోడో/గ్లిమ్ట్‌ని చూడండి. నార్వేలో ఓ చిన్న ఊరు, మనలాగే వేసవి సీజన్, ఈ మే నెలలో యూరోపా లీగ్ సెమీస్ ఆడింది. ఒక్క క్లబ్బు వెళ్తే దారి పడుతుందన్న మీ మాట నిజం కావచ్చు. అక్కడ దారి పడటానికి అకాడమీలు ముందొచ్చాయి. మన దగ్గర బ్రెగ్జిట్ వల్ల పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఇంగ్లండ్ వెళ్లలేక ఇక్కడే మిగిలారు. నూనన్ అలా దొరికినవాడే. వాళ్లకి కోచ్‌లూ గ్రౌండ్లూ ఎవరిస్తారు? ఆ 31 లక్షల్లోంచా?

టాలా_శ్రీను (ఉదయం 8.30)

అకాడమీకే పెడుతున్నాం సార్. పదహారేళ్లవాడు ఆకాశం నుంచి ఊడిపడలేదు.

వెంకట్, రాత్రి ఆ "రూల్ రూలే" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. రూల్ గురించి కాదు, అన్న తీరు గురించి. ప్యాలెస్ విషయంలో నీ లెక్క సరైనదే. మిగతా లెక్కతో ఏకీభవించను. మేం 22 ఏళ్లు రోడ్డు మీదున్నప్పుడు మాకు ఎవరూ సగం పంచివ్వలేదు.

డ్రాహడా_వెంకట్ (ఉదయం 8.41)

సగం అడగలేదు. ఒక మెట్టు అడిగాను.

యాన్‌ఫీల్డ్_రాజు (ఉదయం 9.15)

ప్యాలెస్ మ్యాచ్‌కి టికెట్లు ఎప్పుడు పెడతారు? టల్లాట్‌లో పైకప్పు ఉన్న స్టాండ్ ఏది?

టాలా_శ్రీను (ఉదయం 9.16)

టాలా.