రంగు గుడ్ల కోడి: నికార్సైన జాతి కావాలా, సంకరం చాలా?

ఆస్టిన్_పెరడు

అందరికీ నమస్కారం. మాది టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర. మా కాలనీలో ఇంటికి ఆరు పెట్టల్ని పెంచుకోవచ్చు, పుంజుకు మాత్రం ఒప్పుకోరు. 2025 మార్చిలో ఇక్కడ డజను గుడ్ల సగటు ధర ఆరు డాలర్లు దాటినప్పుడు మేమూ గూడు కట్టించాం. మా పాపకి ఎనిమిదేళ్లు. నీలం గుడ్డు ఫోటో ఎక్కడో చూసి, మన ఇంట్లోనూ అదే కావాలని పట్టుబట్టింది. దాణా షాపులో 'అమెరికానా' అని బోర్డు పెట్టిన తొట్టిలోంచి నాలుగు పిల్లల్ని తెచ్చాం. ఆర్నెల్లపాటు స్కూలు నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా గూడులోకి తొంగి చూసేది.

చివరికి ఒకటి పుంజని తేలింది. ఊరి బయట ఫారం ఉన్నవాళ్లకు ఇచ్చేశాం. ఆ రాత్రి పాప అన్నం ముట్టలేదు. మిగిలిన మూడింట్లో ఒకటి లేత ఆకుపచ్చ గుడ్లు పెడుతోంది, రెండు గోధుమరంగువి. నీలం ఒక్కటీ లేదు.

ఇంకో మూడు పెట్టలకు చోటుంది. ఈసారి నికార్సైన జాతి తీసుకుందామని నేనంటున్నాను. మళ్లీ ఆ సంకరాలే చాలు, డబ్బు దండగ అని మా ఆవిడ. పెంచిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. మాకు జూలై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు మామూలే, అదీ గుర్తుపెట్టుకోండి.

ఒహాయో_గంప

అన్నా, వదిన మాటే కరెక్టు. మీరు తెచ్చినవాటిని ఇక్కడ ఈస్టర్ ఎగ్గర్ అంటారు. అది జాతి కాదు, నీలం గుడ్ల కోడి రక్తం ఎంతో కొంత కలిసిన సంకరం. నా దగ్గర తొమ్మిదున్నాయి. రెండు నీలం, నాలుగు రకరకాల ఆకుపచ్చలు, ఒకటి లేత గులాబీ, రెండు గోధుమ. ఒక్కో పెట్ట వారానికి నాలుగైదు గుడ్లు తగ్గకుండా ఇస్తోంది. మా చలికి గానీ వేసవికి గానీ ఒక్కటీ జబ్బు పడలేదు. సంకరానికి ఉండే దిట్టతనం అది. పిల్లకు నాలుగైదు డాలర్లు పెట్టాను. నికార్సైన అమెరాకానా పిల్లకు ఒకాయన పాతిక అడిగాడు.

ఇంకొక్క మాట. మీ పెరట్లో పుంజే లేదు. పుంజు లేనిచోట గుడ్లు పొదిగించినా పిల్ల రాదు. మరి జాతి స్వచ్ఛంగా ఉండి ఎవరికి ఉపయోగం?

వర్జీనియా_కోళ్లు

ఒహాయో గారూ, ఉపయోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ షాపు బోర్డు సంగతి మాట్లాడుకోవాలి. అమెరాకానా అనే జాతికి అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1984లో గుర్తింపు ఇచ్చింది. గడ్డం, బుగ్గల మీద ఈకల కుచ్చులు, తోక, నీలం గుడ్డు ఉంటేనే అది అమెరాకానా. ఒక్క అక్షరం అటూ ఇటూ చేసి 'అమెరికానా' అని రాసి సంకరాల్ని అమ్ముతున్నారు. కొనేవాళ్లు నీలం గుడ్ల కోసం ఆరునెలలు మేపి, చివరికి గోధుమరంగు గుడ్డు చూసి నోరు మూసుకుంటున్నారు. సంకరం అని చెప్పి అమ్మితే నాకేం అభ్యంతరం లేదు. ఎనిమిదేళ్ల పిల్ల ఎదురుచూపుతో ఆడుకోవడం మాత్రం తప్పు.

నేను ఐదేళ్లుగా అమెరాకానాలే పెంచుతున్నాను. నెమ్మదైన కోళ్లు. పిల్లలు ఎత్తుకున్నా ఊరుకుంటాయి. మనలాంటివాళ్లు పాతిక డాలర్లు పెడితేనే ఆ పెంపకందారు పుంజుల్ని మేపుకోగలడు, జాతి నిలబడుతుంది. పుంజు లేని పెరడు కూడా అలా సాయపడుతుంది.

ఒక్క జాగ్రత్త. అరౌకానా అనే ఇంకో నీలం గుడ్ల జాతి ఉంది, దాన్ని చూసి మోజు పడకండి. తోక లేకుండా, చెవుల దగ్గర ఈకల కుచ్చులతో చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ కుచ్చుల జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తే పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది. కొత్తగా పెంచేవాళ్లకు అది వద్దు.

కేంబ్రిడ్జ్_పెట్ట

నేను హైదరాబాద్‌లో పశువైద్యం చదివి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఆస్టిన్ గారూ, రేపు పొద్దున ఆ ఆకుపచ్చ గుడ్డు ఒకటి, గోధుమరంగుది ఒకటి పాప ముందే పగలగొట్టండి. పెంకు లోపల అంటుకుని ఉండే పల్చటి పొరను వేలితో ఒలిచెయ్యండి. గోధుమరంగు గుడ్డు పెంకు లోపల తెల్లగా ఉంటుంది. ఆకుపచ్చదాని లోపల నీలం కనిపిస్తుంది. మీ పాప అడిగిన నీలం ఇప్పటికే మీ గూట్లో ఉంది, పైన గోధుమరంగు పూత పడి కనిపించడం లేదంతే.

నీలం రంగుకు కారణం బిలివర్డిన్ అనే రంగు పదార్థం. పెంకు కట్టుకుంటున్నంతసేపూ అది కలుస్తూనే ఉంటుంది కనుక లోపలా బయటా ఒకటే రంగు. గోధుమరంగు ప్రొటోపార్ఫిరిన్ వల్ల వస్తుంది. అది ఎక్కువగా చివరి గంటల్లో పైపైన పడుతుంది. మారన్స్ అనే ఫ్రెంచి జాతి ముదురు చాక్లెట్ రంగు గుడ్డు పెట్టిన వెంటనే, ఇంకా తడిగా ఉండగా వేలితో రుద్దితే ఆ రంగు వేలికి అంటుతుంది. నీలం గుడ్డును ఎంత రుద్దినా ఏమీ రాదు.

నీలం జన్యువు ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, పెంకు నీలమవుతుంది. దీన్ని లెక్కగట్టి 1933లో ప్రచురించినవాడు పన్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త. స్కూల్లో గళ్లు గీసి జన్యువుల లెక్కలు చేశాం కదా, ఆ గళ్ల పేరు ఆయనదే. ఈస్టర్ ఎగ్గర్‌తో చిక్కు ఎక్కడంటే, తల్లిదండ్రుల్లో ఒకదానికి ఆ జన్యువు ఒక్క కాపీయే ఉండి, రెండోదానికి అసలు లేకపోతే, పిల్లల్లో సగానికే నీలం వస్తుంది. మీకు మూడింట్లో ఒకటి వచ్చిందంటే వింత ఏమీ లేదు.

ఇక నా ఓటు క్రీమ్ లెగ్‌బార్‌కి. పన్నెట్, పీస్ అనే ఇంకో శాస్త్రవేత్త కలిసి కేంబ్రిడ్జ్‌లో రూపొందించిన జాతి. గుడ్డు నీలం. పుట్టిన రోజే పెట్టో పుంజో తెలిసిపోతుంది. పెట్టపిల్ల వీపు మీద ఉడుతకు ఉన్నట్టు ముదురు చారలు స్పష్టంగా ఉంటాయి. పుంజుపిల్లకు ఆ చారలు చెదిరిపోయి, నెత్తిన లేత మచ్చ ఉంటుంది. పుంజుకు ఒప్పుకోని కాలనీలో, పాప ఇంకోసారి ఏడవకుండా ఉండాలంటే ఇంతకంటే ఏం కావాలి? చాలా జాతుల్లో రోజు పిల్లల్ని వేరుచెయ్యడానికి అలవాటైన మనిషి కావాలి, ఆ మనిషీ ఒక్కోసారి పొరబడతాడు.

ఒహాయో_గంప

డాక్టరు గారూ, మీ లెక్క కాదనను. కానీ నేను లెగ్‌బార్లను రెండేళ్లు పెంచి వదిలేశాను. రక్తంలో లెగ్‌హార్న్ అనే జాతి ఉంది, బెదురు ఎక్కువ. చెయ్యి చాపితే గూడు పైకి ఎగిరి కూర్చుంటాయి. ఐదడుగుల కంచె వాటికి లెక్కే కాదు. పాపకు కావలసింది గుడ్డు ఒక్కటేనా, ఒళ్లో కూర్చునే కోడా? నా ఈస్టర్ ఎగ్గర్లు మా చిన్నవాడి వెనకాలే తిరుగుతాయి.

కేంబ్రిడ్జ్_పెట్ట

అది నిజం, ఒప్పుకుంటాను. నా వాటిల్లోనూ ఒకటి ఇప్పటికీ చేతికి చిక్కదు. మిగతావి మొదటి మూడు వారాలు రోజూ అరచేతిలో నూకలు పెట్టి తినిపిస్తే దారికొచ్చాయి. కంచె మీద వల కప్పాలి, తప్పదు.

అయితే ఆస్టిన్ ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, తురాయి నుంచీ గడ్డం కింది ఎర్రటి తోలు నుంచీ వేడిని వదులుతుంది. లెగ్‌బార్‌కి రంపంలా పెద్ద తురాయి ఉంటుంది. అమెరాకానాకి తలకు అంటుకున్న పొట్టి తురాయి, దానికి తోడు మొహం నిండా ఈకలు. వర్జీనియా గారి చలికాలానికి అది వరం. టెక్సాస్ ఆగస్టులో దానికి కష్టం. మరీ రొప్పితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకు కూడా పలచబడుతుంది. ఏ జాతి తెచ్చినా నీడ, చల్లని నీళ్లు, వేరే గిన్నెలో ఆల్చిప్పల పొడి పెట్టండి.

గోదారి_డేగ

మాది భీమవరం దగ్గర. ఒక సందేహం. తలకు అంటుకుని పొట్టిగా, మూడు వరసల బుడిపెలతో ఉండే తురాయి మా అసీల్ కోళ్లకూ ఉంటుంది. ఆ తురాయి ఉన్న సంకర పిల్ల నీలం గుడ్డు పెడుతుందని వీడియోల్లో చెప్తున్నారు. అసీల్ పెట్ట గుడ్డు మరి లేత మీగడ రంగే కదా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా బావమరిది నెట్‌లో ప్రకటన చూసి 'నీలం గుడ్ల కోడిపిల్లలు' అని పదింటికి అడ్వాన్స్ కట్టాడు. పెరిగి గుడ్లకొచ్చాక చూస్తే అన్నీ మామూలు గుడ్లే. ఫోన్ చేస్తే ఎత్తరు. పోయిన సంక్రాంతికి ఇంట్లో అందరి ముందూ ఎంత చిన్నబోయాడో. కడక్‌నాథ్ నల్ల గుడ్లు పెడుతుందని కూడా అమ్ముతున్నారు. మా పక్కవీధిలో ఉన్నాయి. మాంసం నలుపే, గుడ్డు మాత్రం లేత గోధుమ.

కేంబ్రిడ్జ్_పెట్ట

మంచి ప్రశ్న అడిగారండీ. ఆ పొట్టి తురాయి జన్యువు, నీలం జన్యువు ఒకే క్రోమోజోము మీద పక్కపక్కన ఉన్నాయి. నీలం గుడ్ల వంశంలో రెండూ కలిసి దిగుతుంటాయి కాబట్టి, ఈస్టర్ ఎగ్గర్ పిల్లల్లో పొట్టి తురాయి ఉన్నదాన్ని ఏరుకుంటే నీలమో ఆకుపచ్చో వచ్చే అవకాశం ఎక్కువ. అసీల్ వంశంలో తురాయి ఉంది, పక్కన నీలం జన్యువు లేదు. లెగ్‌బార్‌లో నీలం ఉంది, ఆ తురాయి లేదు. వంశం తెలియకుండా తల చూసి చెప్పడానికి కుదరదు.

నీలం ఎలా పుట్టిందో 2013లో తేలింది. ఎప్పుడో ఒక వైరస్ ముక్క కోడి జన్యువుల్లో దూరి స్థిరపడిపోయింది. దానివల్ల పెంకు కట్టే సంచిలో మామూలుగా పనిచెయ్యని ఒక జన్యువు పనిచెయ్యడం మొదలైంది. ఇది చిలీ కోళ్లలోనూ చైనా కోళ్లలోనూ వేర్వేరుగా జరిగింది. చిలీలో మపూచే ప్రజలు పెంచుకునే ఆ కోళ్లను 1921లో హేగ్‌లో జరిగిన ప్రపంచ పౌల్ట్రీ మహాసభలో స్పెయిన్ ప్రొఫెసర్ కాస్టెల్యో పరిచయం చేశాడు. మన నాటుకోళ్ల రక్తంలో ఆ ముక్క లేదు. విదేశాల నుంచి కోళ్లనైనా పొదిగే గుడ్లనైనా ఇండియాకు తేవాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి కావాలి. ఆ కాగితం చూపించమని అడిగితే సగంమంది అమ్మకందార్లు అక్కడే ఆగిపోతారు.

మీకు రంగు గుడ్డే కావాలంటే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వారి గ్రామప్రియ ఉంది. చక్కటి గోధుమరంగు గుడ్డు, పెరట్లో తిరిగి బతకగలదు, నాటు పెట్ట కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడుతుంది.

గోదారి_డేగ

గ్రామప్రియ మా అమ్మ దగ్గర ఉండేది, గుడ్ల విషయంలో వంక పెట్టలేం. పొదుగుకు మాత్రం సరిగా కూర్చోదు, పిల్లల కోసం నాటు పెట్ట కింద పెట్టేది. ఇక్కడ ఇంకో మోసం, తెల్ల గుడ్లకు టీ డికాక్షన్ రంగు పట్టించి నాటుగుడ్లని అమ్మడం. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు గుడ్డకు అంటుతుంది. ఆరిపోయిన అసలు గుడ్డు రంగు నీళ్లకు పోదు. రంగు గుడ్డులో బలం ఎక్కువని నమ్మబట్టే కదా ఈ మోసం నడుస్తోంది.

కేంబ్రిడ్జ్_పెట్ట

పెంకు రంగుకీ బలానికీ సంబంధం లేదండీ. నీలం గుడ్లలో కొలెస్ట్రాల్ తక్కువన్న ప్రచారం కూడా ఉంది, అదీ నిజం కాదు. సొన రంగు మారేది మేతను బట్టి. మొక్కజొన్న, ఆకుకూరలు బాగా తింటే ముదురు పసుపు వస్తుంది.

వర్జీనియా_కోళ్లు

ఎండ మాట నేను పట్టించుకోలేదు, నిజమే. ఆస్టిన్‌కి అమెరాకానా వద్దు, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ లెగ్‌బార్ కొన్నా సరే, పేరు సరిగ్గా రాసి అమ్మేవాళ్ల దగ్గరే కొనండి. ఆ మాట మాత్రం మార్చను.

ఆస్టిన్_పెరడు

పొద్దున రెండు గుడ్లూ పగలగొట్టాం. పాప పొర ఒలిచి, లోపలి నీలం చూసి, ఆ పెంకు ముక్కను కడిగి తన పెన్సిల్ డబ్బాలో దాచుకుంది. ఆ ఆకుపచ్చ పెట్టకు ఇప్పుడు 'నీలమ్మ' అని పేరు.

మా ఆవిడా నేనూ ఒక మాట మీదకొచ్చాం. రెండు క్రీమ్ లెగ్‌బార్ పెట్టపిల్లలు, ఒకటి ఒహాయో తమ్ముడు చెప్పినట్టు ఈస్టర్ ఎగ్గర్. ఆ మూడోదాన్ని తురాయి చూసి పాపే ఏరుకుంటానంది. ఏ రంగు వచ్చినా ఏడవనని మాటిచ్చింది. లెగ్‌బార్లు పోస్టులో వస్తాయట. రోజు పిల్లలు అంతదూరం ఎలా తట్టుకుంటాయి? అదే టెన్షన్‌గా ఉంది.

ఒహాయో_గంప

భయం వద్దన్నా. గుడ్డులోంచి వచ్చేముందు మిగిలిన సొనను పిల్ల కడుపులోకి పీల్చుకుంటుంది. రెండు మూడు రోజులు మేత, నీళ్లు లేకున్నా దాంతో నెట్టుకొస్తుంది. మీ ఎండలకు జూన్‌లో మాత్రం తెప్పించకండి, మార్చిలోనే తెప్పించండి. ముందురోజే పోస్టాఫీసుకు వెళ్లి మీ నంబరు ఇచ్చి రండి. తెల్లవారుజామున ఫోన్ వస్తుంది, ఫోన్లో కిచకిచలు వినపడతాయి. ఇంటికి తేగానే ఒక్కోదాని ముక్కును గోరువెచ్చటి నీళ్లలో ముంచి తాగించండి, మేత ఆ తర్వాతే. ఆ పని పాప చేత చేయించండి. అప్పటి నుంచే చేతికి అలవాటవుతాయి.