పెద్దవాళ్ళతో కోట హోటల్లో బస: కావలి చెల్లెలి ప్రశ్న, సభ్యుల జవాబులు

ప్రశ్న (కావలి, ప్రస్తుతం బ్రిస్టల్)

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండుకు కొత్తగా వచ్చాము. వచ్చే వేసవిలో ఊరి నుంచి మా నాయన, అమ్మ, మా అత్తగారు, మామగారు వస్తున్నారు. పిల్లలు ఇద్దరు. ఉదయగిరి కొండ కింద పుట్టి పెరిగిన మా నాయనకు, ఇక్కడి పాత కోట ఒకదానిలో అందరం కలిసి రెండు రాత్రులు ఉండాలని కోరిక. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అత్తగారు మాంసం, చేప, గుడ్డు ముట్టరు. కోటల్లో నడుస్తున్న హోటళ్ళ గురించి తెలిసినవారు సలహా ఇవ్వగలరని మనవి.

జవాబు (నెల్లూరు, ప్రస్తుతం న్యూకాజిల్)

చెల్లెమ్మా, మీ నాయనగారి కోరిక తప్పకుండా తీర్చవలసినది. అయితే ఏ కోట అన్నదాని కంటే ఆ కోటలో ఏ గది అన్నది మీ కుటుంబానికి ముఖ్యమని ముందే చెప్పదలచుకున్నాను. ఇంగ్లండులో ఇటువంటి కట్టడాలు దాదాపు అన్నీ ‘లిస్టెడ్’ కట్టడాలుగా, అంటే చట్టం కాపాడే చారిత్రక కట్టడాలుగా నమోదై ఉంటాయి. వాటి స్వరూపం మారేలా గోడ కదిలించాలన్నా, మెట్లు మార్చాలన్నా, లిఫ్టు పెట్టాలన్నా 1990 నాటి చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. అందుచేత రాత్రికి ఎంత అద్దె తీసుకునే హోటలైనా లిఫ్టు ఉంటుందని అనుకోవడానికి వీలు లేదు. బురుజుల్లోని గదులకు చాలా చోట్ల రాతి చుట్టు మెట్లే దారి. ఆ మెట్లు బయటి గోడ వైపు వెడల్పుగా, లోపలి వైపు పాదం ఆననంత సన్నగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కడం కంటే దిగడానికే ఎక్కువ ఇబ్బంది పడతారు. వెబ్‌సైటులో ఫొటోలు చూసి బుక్ చేయకుండా నేరుగా హోటలుకు ఫోను చేసి, కారు ఆగిన చోటు నుంచి గది వరకు ఎన్ని మెట్లు, గది నుంచి భోజనాల హాలు వరకు ఎన్ని మెట్లు అని విడివిడిగా అడగండి. స్నానాల గదిలో విడిగా షవరు ఉన్నదా, లేక ఎత్తయిన అంచు దాటి తొట్టిలోకి దిగవలసిందేనా అన్నది కూడా అడగవలసిన విషయమే. నాలుగు మూలలా స్తంభాలు లేచి పైన పందిరి కట్టిన పాతకాలపు మంచాలు చూడటానికి ఎంతో బాగుంటాయి, కాని కొన్ని నడుము ఎత్తున ఉంటాయి. రాత్రి లేవవలసిన పెద్దవాళ్ళకు పక్కన చిన్న మెట్టు పీట వేయించాలి. వారు చెప్పిన జవాబులన్నీ ఈమెయిలులో రాయించుకోండి. ఇవన్నీ అడగడానికి మొహమాటపడవద్దు. నడవలేని స్థితిలో ఉన్నవారికి తగిన వెసులుబాటు కల్పించడం 2010 నాటి సమానత్వ చట్టం కింద హోటళ్ళ బాధ్యత.

మెట్లు లేని గది కావాలని అడిగితే చాలా హోటళ్ళు ప్రాంగణంలోని పాత గుర్రపుశాలనో, తోటలోని విడి ఇంటినో చూపిస్తాయి. ఆ గదులు శుభ్రంగా, వెచ్చగానే ఉంటాయి. కాని కోటలో ఉండాలని అంత దూరం నుంచి వచ్చిన పెద్దవాళ్ళను బయట పడుకోబెట్టి, మనం బురుజులో పడుకోవడం నాకు సమ్మతం కాదు. పైగా వాన కురుస్తున్న రాత్రి, తడిసిన రాతి పలకల మీదుగా వారు భోజనానికి నడిచి రావలసి ఉంటుంది. కోట లోపలే కింది అంతస్తులో గది దొరికితే అది అమ్మానాన్నలకు ఇప్పించి, బయటి గదులు మీరూ పిల్లలూ తీసుకోండి. అది దొరకకపోతే ఇంకో కోట చూడండి.

మీరు బ్రిస్టల్‌లో ఉన్నారు కాబట్టి, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న థార్న్‌బరీ కోటను మొదట విచారించండి. బకింగ్‌హామ్ మూడవ డ్యూక్ ఎడ్వర్డ్ స్టాఫర్డ్ దానిని 1511 ప్రాంతంలో కట్టించడం మొదలుపెట్టాడు. 1521లో ఎనిమిదవ హెన్రీ రాజు అతనిపై రాజద్రోహ నేరం మోపి తల తీయించి కోటను స్వాధీనం చేసుకున్నాడు. 1535లో తన రాణి ఆన్ బొలీన్‌తో కలిసి వచ్చి అందులో బస చేశాడు. యజమాని పోవడంతో ఆగిన పనిని చూపిస్తూ, మొండిగా మిగిలిన గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. మీ నాయనగారికి ఒక మాట తప్పక చెప్పండి: ఇక్కడ ఈ గోడలు లేస్తున్న ఆ సంవత్సరాలలోనే శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని ముట్టడించి, 1514లో గజపతుల నుంచి దుర్గాన్ని గెలుచుకున్నారు. ఉదయగిరి మనిషికి ఈ కోట కాలం మనసుకు పట్టడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఉత్తరానికి రాదలచుకుంటే మా వైపు హెక్సామ్ దగ్గర లాంగ్లీ కోట ఉన్నది. 1350 నాటిది, గోడలు ఏడు అడుగుల మందం. అంత మందపు గోడల మధ్య ఫోను సిగ్నలు సరిగా అందదు కాబట్టి, రాత్రి పెద్దవాళ్ళు మిమ్మల్ని ఎలా పిలవాలో ముందే అనుకోండి. గదిలోని హోటల్ ఫోనుతో మీ గదికి ఎలా చేయాలో చూపించి రండి. చెస్టర్-లీ-స్ట్రీట్‌లో క్రికెట్ మైదానానికి ఎదురుగా లమ్లీ కోట ఉన్నది. మైదానానికి వచ్చే జట్లు అందులో దిగుతుంటాయి. 2005లో ఆస్ట్రేలియా ఆటగాళ్ళు కొందరు అక్కడ దయ్యాలకు భయపడ్డారని పత్రికల్లో వచ్చింది. ఇటువంటి కథలను హోటలువారు అతిథులకు సంతోషంగా చెబుతారు. మీ అమ్మగారు భయపడే మనిషయితే, చెప్పవద్దని వచ్చిన వెంటనే కోరండి.

ఇక భోజనం. అత్తగారి విషయంలో ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు, ఎందుకంటే ఇక్కడ ఆ మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. ఉల్లిపాయ సూపులో ఎద్దు ఎముకల రసం, పుడ్డింగులో జంతువుల కొవ్వు, జెల్లీలో జెలటిన్, వూస్టర్ సాసులో చేప, పార్మెజాన్ జున్నులో పాలు విరగడానికి వేసే, దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ ఉండవచ్చు. ఈ పేర్లన్నీ రాసి వంటగదికి వారం ముందే పంపండి. రాత్రి భోజనం ఒక్కొక్క వంటకంగా రెండు గంటలు సాగే చోట్లు ఉన్నాయి. షుగరు మాత్రలు వేసుకునేవారు ఉంటే పెందలాడే వడ్డించమని అడగాలి. చిన్న పిల్లలను రాత్రి భోజనాల హాలులోకి అనుమతించని హోటళ్ళూ ఉన్నాయి. అటువంటి చోటికి మీరు వెళ్ళవద్దు. తాతలు, అవ్వలు, మనవలు ఒక బల్ల చుట్టూ కూర్చోలేకపోతే ఈ ప్రయాణానికి అర్థమే లేదు.

మళ్ళీ ప్రశ్న (కావలి, బ్రిస్టల్)

అన్నగారికి కృతజ్ఞతలు. గదిలో ఉదయం దీపం పెట్టుకోవచ్చునా? చిన్న కుక్కరులో అన్నం వండుకోవచ్చునా? అత్తగారు అడుగుతున్నారు.

జవాబు (ఒంగోలు, ప్రస్తుతం బర్మింగ్‌హామ్)

రెండూ కుదరవమ్మా. పాత కొయ్య దూలాలున్న కట్టడాలకు నిప్పంటే ఎంత భయమో ఒక ఉదాహరణ చెబుతాను. వార్విక్‌షైర్‌లోని ఆస్ట్లీ కోట ఒకప్పుడు హోటలుగా నడుస్తూ, 1978లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అగరొత్తి పొగకే అలారం మోగి, అందరినీ బయటికి పంపవలసి వస్తుంది. బ్యాటరీతో వెలిగే దీపం తెప్పించుకోండి.

వంట చేసుకోవడమే ముఖ్యమనుకుంటే ఆ ఆస్ట్లీ కోటనే చూడమని నా సలహా. చాలా ఏళ్ళు మొండిగోడలుగా మిగిలిన దానిలోపల, ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ కొత్త ఇల్లు ఇమిడ్చి కట్టించింది; 2013లో దానికి, కట్టడాల రూపకల్పనకు ఇచ్చే స్టర్లింగ్ బహుమతి వచ్చింది. పడక గదులన్నీ కింద, వంటిల్లూ కూర్చునే హాలూ పైన ఉంటాయి. పైకి లిఫ్టు ఉన్నది. ఎనిమిది మంది పడుకోవచ్చు కాబట్టి మీ కుటుంబం సరిగ్గా సరిపోతుంది. వడ్డించేవారు ఉండరు, టీవీ ఉండదు. పొయ్యి మాత్రం మీ చేతిలో ఉంటుంది: ఒక పక్క మామగారికి మామిడికాయ వేసిన చేపల పులుసు, ఇంకో పక్క అత్తగారికి వేరే గిన్నెలో పప్పు. అన్నగారు చెప్పిన హోటలు గొప్పతనం ఇందులో ఉండదని ఒప్పుకుంటాను. కాని పెద్దవాళ్ళు తమ వేళకు లేచి, తమ కాఫీ తాము కలుపుకుని, కోట గోడల మధ్య కూర్చునే సుఖం నా దృష్టిలో దానికంటే పెద్దది.

ఏది ఎంచుకున్నా సాక్సులు, శాలువలు, జారని బూట్లు పెద్దవాళ్ళ పెట్టెల్లో ఉండాలి. జూన్‌లో కూడా రాతి గదులు చల్లగా ఉంటాయి. హోటలయితే ఆదివారం నుంచి గురువారం లోపల తీసుకోండి. శుక్ర, శని వారాలలో పెళ్ళిళ్ళకు కోట మొత్తం ఇచ్చేస్తుంటారు, ఇవ్వకపోయినా అర్ధరాత్రి వరకు పాటలు ఆగవు. పిల్లల బడి సెలవులు జూలై చివర మొదలవుతాయి, అద్దెలూ అప్పుడే పెరుగుతాయి. అమ్మానాన్నల వీసాలు వచ్చేదాకా, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే పద్ధతిలోనే గదులు బుక్ చేయండి.