ఇంగ్లండ్‌లో పాత పబ్‌కు లిస్టింగ్ (చారిత్రక కట్టడంగా చట్టరక్షణ) చేయించినవాళ్లు ఉన్నారా?

నమస్కారం అండీ. మేం స్టాఫర్డ్‌షైర్‌లో ఒక చిన్న పల్లెలో ఉంటాం. మా ఊరి పాత పబ్ అమ్మకానికి వచ్చింది. కొన్నవాళ్లు పడగొట్టి ఇళ్లు కట్టేస్తారేమోనని ఊరంతా టెన్షన్. ఓక్ దూలాల చట్రం, మధ్యలో తడికలల్లి మట్టి మెత్తిన గోడలు, మనిషి లోపల కూర్చోగలిగేంత ఫైర్‌ప్లేస్. ఎప్పుడో ఎవరో సున్నం గీకేసి సిమెంట్ పూశారు. చెమ్మ బయటికి పోలేక దూలాల మొదళ్లు పుచ్చుతున్నాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇది లిస్టెడ్ బిల్డింగ్ కాదు. మా కౌంటీలోనే హిమ్లీ దగ్గరి క్రుకెడ్ హౌస్ అనే పాత పబ్ కూడా లిస్టులో లేదు. 2023 ఆగస్టులో మంటలు అంటుకున్న రెండు రోజులకే కూల్చేశారు. అందుకే మాకు ఇంత భయం.

మా పబ్‌ను కమ్యూనిటీ ఆస్తిగా, అంటే ఊరికి ముఖ్యమైన చోటుగా, కౌన్సిల్‌కు ప్రతిపాదించడానికి 21 మంది స్థానిక ఓటర్లు చాలు. కామన్వెల్త్ పౌరులుగా మనకూ ఇక్కడ ఓటు ఉంది కాబట్టి నేనూ సంతకం పెడుతున్నాను. కానీ దానివల్ల అమ్మకం కొన్నాళ్లు ఆగుతుందే తప్ప గోడలకు రక్షణ రాదు.

చారిత్రక కట్టడాల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్‌కు లిస్టింగ్ దరఖాస్తు పెట్టినవాళ్లు దయచేసి చెప్పండి. పాత పటాలు, దస్తావేజులు సరిపోతాయా, లేక కలప వలయాలు లెక్కించి దూలాల వయసు తేల్చే పరీక్ష చేయించాలా? యజమాని లోపలికి రానివ్వకపోతే ఫొటోల సంగతేంటి? నిర్ణయం వచ్చేలోగా కూల్చకుండా కౌన్సిల్ చేత తాత్కాలిక రక్షణ నోటీసు ఎవరైనా ఇప్పించగలిగారా?