టక్ వేస్తే మూడో వరసకే క్యారేజ్ బిగుసుకుపోతోంది, ఎందుకు?

ఒంటిపోగు:
అందరికీ నమస్తే. నాది సూదుల మీద అటూ ఇటూ జరిగే క్యారేజ్‌ని చేత్తో తోసే 200 సూదుల అల్లిక మెషీన్. ఏ సూది ఏం చేయాలో చిల్లుల కార్డు (పంచ్‌కార్డ్) చెబుతుంది. సూదికీ సూదికీ ఎడం 4.5 మిల్లీమీటర్లు. ఏడాదిగా ప్లెయిన్ అల్లిక తప్ప దేని జోలికీ పోలేదు. మొన్న ఆదివారం ధైర్యం చేసి టక్ బటన్ (కొన్ని సూదుల్లో కుట్టుని అల్లకుండా ఆపి ఉంచే పద్ధతికి) నొక్కాను.

40 సూదులు, టెన్షన్ (కుట్టు ఎంత వదులుగా రావాలో చెప్పే అంకె) 7, ముందు పది వరసలు ప్లెయిన్. ఆ తర్వాత మెషీన్‌తో వచ్చిన కార్డుల్లోంచి పువ్వులున్నది ఒకటి పెట్టాను. మొదటి వరస బాగానే పోయింది. రెండో వరసలో కర్రుమంది. మూడో వరసలో సరిగ్గా మధ్యకి వచ్చాక క్యారేజ్ ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఎలాగో విడిపించి చూస్తే నాలుగైదు చోట్ల దారం గుత్తులుగా వేలాడుతోంది. ఎడమ అంచున రెండు కుట్లు జారి కింది దాకా దిగిపోయాయి.

నూనె వేశాను. అనుమానంగా ఉన్న సూదులు మార్చాను. మళ్లీ అదే వరస, అదే కర్రు. మెషీన్ పాడైందా, దారం సరిపోదా, నాకే చేతకాదా? మూడోదే అయితే కాస్త మెల్లగా చెప్పండి.

పాతకొక్కెం:
సూదుల్ని పైనుంచి అదిమి ఉంచే స్పాంజ్ పట్టీ ఎప్పుడు మార్చారు? అది అణిగిపోతే సూదులు పైకి తేలతాయి, కుట్లు జారతాయి. పాత మెషీన్ కొన్నవాళ్లందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే. దారానికి కొంచెం మైనం కూడా రాయండి. నూనె మాత్రం ఆపండి, బట్టకి మరకలు అంటుతాయి.

సన్ననూలు:
పాతకొక్కెం గారు చెప్పింది ఎప్పటికైనా పనికొచ్చేదే. కానీ పట్టీదే తప్పయితే ప్లెయిన్‌లో కూడా కుట్లు జారాలి కదా? నా అనుమానం కార్డు మీద. ఒంటిపోగు గారూ, ఆ పువ్వుల కార్డు రెండు రంగుల అల్లికకి చేసింది అయ్యుంటుంది. వెలుతురుకి పట్టి చూడండి. చిల్లు లేని గళ్లు పక్కపక్కనే బారుగా ఉన్నాయా?

రెండు రంగుల అల్లికలో చిల్లు ఉన్న సూది రెండో రంగు అందుకుంటుంది, లేనిది మొదటి రంగు. ఏ రంగుతోనైనా ప్రతి సూదీ అల్లుతుంది, గొడవ లేదు. టక్‌లో చిల్లు ఉన్న సూదే అల్లుతుంది. లేనిది సగం దూరమే లేస్తుంది. పాత కుట్టు లాచ్ (కొక్కేన్ని మూసే చిన్న నాలుక) దాటి వెనక్కి పోదు, కొత్త దారం మాత్రం వచ్చి దాని పక్కనే కొక్కెంలో కూర్చుంటుంది. తర్వాతి వరసలో ఇంకో పోగు. కార్డులో మళ్లీ చిల్లు వచ్చినప్పుడే అవన్నీ కలిసి ఒక్క కుట్టుగా అల్లుకుంటాయి. ఆ పోగు కొక్కెంలో కుదురుగా ఉండాలంటే రెండు పక్కలా అల్లే సూదులు ఉండాలి, అవే దాన్ని కిందికి లాగి పట్టుకుంటాయి. పక్కపక్కన నాలుగైదు సూదులు టక్‌లో పడితే మధ్యలో దారానికి ఏ పట్టూ ఉండదు. వదులుగా పైకి లేచి క్యారేజ్ బ్రష్‌లకి చుట్టుకుంటుంది. మీరు చూసిన గుత్తులు అవే.

అంచు సంగతి కూడా అంతే. చివరి సూది టక్‌లో పడితే దారం తిరిగేచోట పట్టు పోతుంది. రెండు కొసల సూదులూ ప్రతి వరసా అల్లేలా చూసుకోండి, అంచుల్లో చిన్న బరువులు తగిలించి తరచూ పైకి జరుపుతూ ఉండండి.

ఒకసారి కార్డు పక్కన పెట్టి చేత్తో చేయండి. క్యారేజ్‌ని హోల్డ్‌లో (ముందుకి లాగిన సూదుల్ని అల్లకుండా వదిలేసే అమరికలో) పెట్టి, అంచులు వదిలేసి, ప్రతి నాలుగో సూదినీ పూర్తిగా ముందుకి లాగండి. రెండు వరసలు తోయండి. ఆ సూదుల మీద పోగులు పడటం కళ్లతో చూడొచ్చు. హోల్డ్ తీసేసి రెండు వరసలు ప్లెయిన్ అల్లండి. తర్వాత, ముందు లాగినవాటికి సరిగ్గా మధ్యలో ఉన్న సూదులు లాగి మళ్లీ అలాగే. నా సన్న నూలుతో ఆరు వరసల దాకా ఆపగలిగాను. లావు ఉన్నితో మూడింటికే కొక్కెం నిండిపోయి లాచ్ మూసుకోలేదు.

ఒంటిపోగు:
కిటికీకి పట్టి చూశాను. ఒక వరసలో ఎనిమిది గళ్లు బారుగా, ఒక్క చిల్లు లేకుండా! అంటే మెషీన్‌కి ఏమీ కాలేదు. పాపం దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో.

చేత్తో చేశాను. రెండో సెట్ సూదులు లాగి తోసేసరికి తేనెపట్టు లాంటి గళ్లు తేలాయి. నాకు కనిపించేది బట్ట వెనక వైపే కదా, ముందు వైపు ఇంకెంత బాగుంటుందోనని విప్పి తిప్పి చూశాను. అటు ఏమంత లేదు. ఉబ్బెత్తు అందమంతా వెనకే ఉంది!

ఇంకో సందేహం. 40 సూదులు, 60 వరసలు ప్లెయిన్‌లో 13.5 సెంటీమీటర్ల వెడల్పు, 15 ఎత్తు వచ్చింది. అదే దారం, అదే టెన్షన్, టక్‌లో 16.5 వెడల్పు, 11 ఎత్తు. లెక్క తప్పానేమోనని వరసలు రెండుసార్లు ఎంచాను.

వెనకవైపు:
లెక్క తప్పలేదు. మీరు ఆపిన కుట్టు ఒక్కటే మూడు వరసల ఎత్తు మోయాలి. అంత సాగలేదు కాబట్టి బట్టని పైకి గుంజుతుంది, ఎత్తు తగ్గుతుంది. కొక్కెంలో కూర్చున్న పోగులు బయటికొచ్చాక కాళ్లు చాపుకుని పక్క కుట్లని తోస్తాయి, వెడల్పు పెరుగుతుంది. స్లిప్ అనే ఇంకో పద్ధతిలో దీనికి తలకిందులు. చిల్లు లేని సూది దారాన్ని అసలు అందుకోదు, పోగు వెనకనుంచి తిన్నగా పోతుంది. బట్ట ఇరుకవుతుంది, అడ్డంగా సాగదు.

ఆ పువ్వుల కార్డు పారేయకండి, స్లిప్‌లో వేయండి. బారుగా ఉన్న ఎనిమిది గళ్లూ అక్కడ ఇబ్బంది పెట్టవు. వెనక పొడుగు పోగులు వేలాడతాయంతే. చేతులకి తొడిగే భాగంలో మాత్రం వద్దు, వేళ్లకి తగులుకుంటాయి. నేను ఒక స్వెటర్ చేతికి వేసి, తొడిగిన ప్రతిసారీ బొటనవేలు ఇరికించుకుంటున్నాను.

కొలతలు మెషీన్ మీంచి తీయగానే తీశారా? అప్పుడు బరువులకి సాగి ఉంటుంది. ఉతికి, ఆరబెట్టి, ఒక రాత్రి వదిలేసి కొలవండి. ఇంకోటి, తర్వాత గుర్తుండేలా ముక్క మొదట్లో టెన్షన్ ఎంతో అన్ని చిల్లులు పెట్టండి. ఒక కుట్టుని పక్క సూది మీదికి ఎక్కించి, ఖాళీ అయిన సూదిని అక్కడే ఉంచి అల్లితే చిల్లు పడుతుంది. చీటీలు ఊడిపోతాయి, చిల్లులు ఊడవు.

ఒంటిపోగు:
ఉతికి కొలిచాను. వెడల్పు 17కి పెరిగింది, ఎత్తు 10.5కి దిగింది. పువ్వుల కార్డు స్లిప్‌లో ఎక్కడా ఆగకుండా పోయింది. అంచు ఒక్క కుట్టు కూడా జారలేదు.

చిల్లుల పద్ధతి కూడా మొదలుపెట్టాను. ఏడు పెట్టబోయి ఎనిమిది పెట్టాను, అల్లడం అయ్యాక చూసుకున్నాను. ఇప్పుడు దీన్ని విప్పాలా, లేక ఎనిమిదో చిల్లు సూదీ దారంతో మూసేస్తే సరిపోతుందా?

పాతకొక్కెం:
మూసేయండి. స్పాంజ్ పట్టీ కూడా చూడండి.